ఎనిమిదో స్టేషన్ ఉప్పు

నేను చేసే పనిని మా అమ్మ వీధిలో వాళ్లకి ఒక్క ముక్కలో చెప్పేస్తుంది. "మావాడు సముద్రంలో ఉప్పు సరిపోయిందా లేదా చూస్తాడు." విన్నవాళ్లు నా దగ్గరికొచ్చి సరిపోయిందా అని అడుగుతారు. సరిపోయింది, మిరియాలే కాస్త తగ్గాయి అంటాను. ఇలాంటివి నా దగ్గర బోలెడు. ఎవరైనా కాస్త గంభీరంగా మొహం పెడితే చాలు, నాకు నోరు దురద పెడుతుంది. పెళ్లిలో, ఆఫీసు మీటింగులో, మా తాత పోయినప్పుడు కూడా. ఈ గుణం వల్ల నాకు స్నేహితులు ఎక్కువ. ఇప్పుడు చెప్పబోయేది ఈ గుణం వల్లే జరిగింది. అందుకే దీన్ని నవ్వు లేకుండా రాయాలని కూర్చున్నాను. మొదటి పేరాలోనే మిరియాలు వచ్చేశాయి. చూద్దాం.

మాది సముద్రం ఒడ్డున తమిళం నడిచే ఊరు. మా ఆఫీసు అక్కడ లాస్‌పేటలో ఉంది. ఏడాదిలో మూడు నాలుగుసార్లు పరిశోధన ఓడ ఎక్కుతాం. అది మా రేవులోకి రాదు, లోతు చాలదు. దూరంగా నిలబడితే మేమే బోటులో వెళ్లి నిచ్చెన ఎక్కాలి. ఎక్కాక ఒడ్డు పొడుగునా ముందే గుర్తు పెట్టుకున్న చోట్ల ఆగుతూ పోతాం. ఆగిన ప్రతి చోటునీ స్టేషన్ అంటారు. రైలు రాదు, టీ రాదు, అయినా స్టేషనే.

ప్రతి స్టేషన్‌లోనూ సముద్రంలోకి దించేదాన్ని సీటీడీ అంటాం. మనిషంత ఎత్తు ఇనప చట్రం, మధ్యలో కొలిచే పరికరం, చుట్టూ పన్నెండు పొడుగాటి సీసాలు. వైరు కట్టి దించుతుంటే నీళ్ల వేడి ఎంత, ఉప్పు ఎంత, లోతు ఎంత అనేవి పైన కంప్యూటర్‌లో గీతలుగా పడతాయి. తిరిగి పైకి లాగేటప్పుడు కావలసిన లోతులో ఆపి మీట నొక్కితే ఒక్కో సీసా మూసుకుని ఆ లోతు నీళ్లు పట్టుకొస్తుంది.

ఇందులో ఉప్పు కొలిచేది ఒక సన్నని గాజు గొట్టం. చిన్న పంపు దాని గుండా సముద్రపు నీళ్లు తోడుతూ ఉంటుంది. ఎండకి ఆ గొట్టం ఎండిపోతే పనికిరాదు. కాబట్టి స్టేషన్‌కీ స్టేషన్‌కీ మధ్య అందులో మంచినీళ్లు నింపి, నీళ్లు బయటికి పోయే చోట రబ్బరు బిరడా పెడతాం. దించే ముందు తీసేయాలి. చిటికెన వేలంత బిరడా. తీయడం మరిచిపోకుండా దానికి ఎర్ర రిబ్బను కట్టి ఉంటుంది. మా బిరడా రిబ్బను ముందు రోజే తెగిపోయింది. ఇంకోటి కట్టమని పక్కవాడు అంటే, దానికి జడలు వేసే వయసు అయిపోయిందన్నాను. అందరూ నవ్వారు. రిబ్బను కట్టలేదు.

బిరడా తీయడం నా పని. వైరు వదిలి చుట్టే యంత్రాన్ని వించ్ అంటాం, దించేది ఆ వించ్ నడిపే ఆయన పని.

ఆయనకి యాభై దాటి ఉంటాయి. సేదరపేట్‌లో ఒక ఫ్యాక్టరీలో పైకప్పుకింద నడిచే క్రేను తోలేవాడు. కాంట్రాక్టరు ఆయన్ని ఈ ఒక్క ట్రిప్పుకి పరీక్షగా పంపాడు. రిపోర్టు బాగా వస్తే ఏడాది పొడుగునా ఓడ పని. లేకపోతే మళ్లీ ఫ్యాక్టరీ. ఈ సంగతి మొదటి రోజే ఆయనే తమిళంలో చెప్పాడు. ఇరవై ఏళ్లు రేకులకింద ఉడికినాను, మిగిలిన ఏళ్లు గాలిలో పని చేస్తా అన్నాడు.

ఆయన ఇంట్లోనూ తెలుగే అని తెలిసింది వించ్ వల్ల. ఓడలో అందరితో తమిళంలో మాట్లాడే మనిషి, వైరు వదిలేటప్పుడు మాత్రం లోపల గొణుక్కునేవాడు. "దిగమ్మా, మెల్లిగా దిగు, యాడికి తొందర." నేను వెనక నిలబడి, అమ్మ వింటావుంది మామా, తొందరేం లేదంట అన్నాను. ఆయన తిరిగి చూసి, నువ్వూ మనోడివేనా అన్నాడు. అంతే, ఆ రోజు నుంచి ఆయనకి నేను తంబి, అంటే తమ్ముణ్ణి, నాకు ఆయన మామ. మా ఇళ్లలాగే వాళ్లింట్లోనూ తెలుగు నోట్లో ఉంటుంది, కాగితం మీద ఉండదు. ఆయన సంతకం తమిళంలో పెడతాడు. ఇంగ్లీషు అంకెల వరకూ చదువుతాడు. తెలుగు అక్షరాలు నాకూ కాలేజీలో యానాం కుర్రాళ్లు నేర్పితే వచ్చినవే.

ఆయన పనితనం గురించి ఒక మాట చెప్పాలి. కంట్రోల్ గదిలోంచి ఎన్ని మీటర్లు వదలాలో మేము వైర్‌లెస్‌లో చెప్తాం. ఎదురుగా మీటరు పెట్టె ఉంటుంది. ఆయన దాన్ని చూసేవాడు, కానీ నమ్మేది మాత్రం వైరుని. ఒక చెయ్యి మీట మీద, ఇంకో చెయ్యి వించ్ చట్రం మీద ఆన్చి ఉంచేవాడు. వైరు బరువు మారితే చట్రంలో అదురు మారుతుందట. కింద నీళ్ల వాటం మారింది, ఒక్క నిమిషం ఆగండి అనేవాడు. అప్పటికి మా తెర మీద ఏమీ ఉండేది కాదు. కాసేపటికి గీత వంగేది. నేను దాన్ని కూడా వేళాకోళం చేశాను. మామకి నాడి చూడటం వచ్చు, సముద్రానికి ఇంజెక్షన్ రాసివ్వలేదు ఇంకా, అని.

నాలుగో రోజు పగలు ఏడో స్టేషన్, ఎనిమిదో స్టేషన్ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఏడు తీరానికి దగ్గర, లోతు తక్కువ. అక్కడ అడుగుకి కొద్ది మీటర్ల దూరంలో ఆపాలి. ఆపాడు. ఇంకో రెండు మీటర్లు దించవచ్చని మా తెర చెప్తున్నా వద్దన్నాడు, కింద మెత్తటి బురద ఉంది, అలకి ఓడ లేచి పడితే చట్రం అందులో కూర్చుంటుంది అన్నాడు. అక్కడే ఆపి పైకి తీశాం. అంతా శుభ్రం.

ఎనిమిదో స్టేషన్‌కి డెక్ మీద నలుగురు చేరారు. నేను ఓడ కెప్టెన్ తుమ్మే పద్ధతిని అనుకరిస్తున్నాను. కెప్టెన్ తుమ్ముకి ముందు లంగరు వేసినంత ఏర్పాటు ఉంటుంది. నాకు ప్రేక్షకులు దొరికితే మిగతా ప్రపంచం కనిపించదు. సీటీడీ లేచింది, బయటికి ఊగింది, నీళ్లలోకి వెళ్లింది. నేను లోపలికి వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. దించగానే పది మీటర్ల దగ్గర రెండు నిమిషాలు ఆపి, అంకెలు నిలకడగా ఉన్నాయో లేదో చూడటం పద్ధతి. ఆపాం. నేను చూడాల్సిన ఆ రెండు నిమిషాలూ గదిలో ఉన్నవాళ్ల ముందు తుమ్ము రెండో భాగానికి ఖర్చయ్యాయి.

ఉప్పు గీత మొదటి నుంచీ తాగినవాడి నడకలా ఉంది. నేను చూసేసరికి సీటీడీ పైకి వస్తోంది.

డెక్ మీదికి రాగానే వెళ్లి చూశాను. బిరడా అలాగే ఉంది. నీళ్లు బయటికి పోయే దారి మూసి పెట్టి, సముద్రం ఉప్పు కొలవమని పంపానన్నమాట. ముక్కు మూసి పట్టుకుని సాంబారు వాసన ఎలా ఉందని అడిగినట్టు. బిరడా పీకి జేబులో వేసుకున్నాను. పైపుతో చట్రమంతా కడిగేశాను. ఎవరూ చూడలేదు. చూడలేదని రెండుసార్లు చూసుకున్నాను.

ఇంతవరకూ ఇది తప్పు, అంతే. అలాంటివి అందరూ చేస్తారు. చెప్తే మా బృందాన్ని నడిపే చీఫ్ మేడమ్ నాలుగు తిట్టేది, స్టేషన్ మళ్లీ చేసేవాళ్లం, మూడు గంటలు పోయేవి.

మేడమ్ గీత చూసి నన్ను పిలిచింది. తక్కువ మాట్లాడే మనిషి. గదిలో ఇంకో ముగ్గురున్నారు. ఎనిమిదికి ఏమైంది అని అడిగింది. నిజం నాలుక చివరి దాకా వచ్చింది. పక్కన ముగ్గురూ నా మొహం చూస్తున్నారు, ఇప్పుడేం అంటాడా అని. నేను అన్నాను: "పొద్దున ఏడో స్టేషన్‌లో మామ దానికి కొంచెం బురద తినిపించినట్టున్నాడు మేడమ్. అరగలేదు."

ముగ్గురూ నవ్వారు. మేడమ్ నవ్వలేదు. అడుగు తగిలిందా అంది. తగిలి ఉండొచ్చు అన్నాను. చట్రానికి బురద కనిపించిందా అంది.

"ఉండింది మేడమ్. కడిగేశాను."

మొదటిది జోకు. రెండోది అబద్ధం. రెంటి మధ్య ఊపిరి తీసుకునేంత వ్యవధి ఉంది. ఆ వ్యవధిలో నేనేం ఆలోచించానో తర్వాత చాలాసార్లు వెతికాను. ఏమీ లేదు. అందరూ నవ్వారు కాబట్టి అది నిజమే అన్నట్టు ఉంది నాకు.

సరే, లాగ్‌షీటులో రాయి, వించ్ ఆపరేటర్ సంతకం తీసుకో అంది మేడమ్. స్టేషన్‌లో ఏ తేడా జరిగినా రాసినవాడూ వించ్ నడిపినవాడూ ఇద్దరూ సంతకం పెట్టాలి. ఏడో స్టేషన్ కాగితం మీద, కింద ఖాళీ జాగాలో, ఇంగ్లీషులో రాశాను. వేగంగా దించడం వల్ల అడుగు తగిలి ఉండవచ్చు, తర్వాతి స్టేషన్ ఉప్పు కొలత చెడింది, అని. పక్కన నా సంతకం.

మామ వించ్ పక్కన కూర్చుని టీ తాగుతున్నాడు. కాగితం ఇచ్చాను.

"ఏంది రాసినావు?"

"ఏం లేదు మామా. మామూలే."

గ్లాసు కింద పెట్టి, చెయ్యి లుంగీకి తుడుచుకుని, తమిళంలో పూర్తి పేరు రాసి సంతకం పెట్టాడు. మామూలుకి కూడా పూర్తి పేరు రాసే మనిషి.

ఆ సాయంత్రం మేడమే ఆయన్ని పిలిచి తమిళంలో చెప్పింది. కోపంగా కాదు. అడుగు తగిలింది, జాగ్రత్త, తక్కువ లోతులో వేగం తగ్గించండి అంది. నేను తలుపు దగ్గర ఉన్నాను. ఆయన తగల్లేదు అనలేదు. నా వైపు చూశాడు. నేను నేల చూశాను. ఆయన సరి అమ్మా అన్నాడు. నామీద అనుమానంతో చూశాడనుకున్నాను అప్పుడు. కాదు. కాగితంలో ఉంది కాబట్టి, రాసింది మనోడు కాబట్టి, నిజమే అయ్యుంటుందని చూశాడట. ఆ సంగతి చాలా తర్వాత తెలిసింది.

మిగిలిన స్టేషన్లలో ఆయన మునుపటిలా లేడు. చట్రం మీద చెయ్యి ఆన్చడం మానేశాడు. మీటరు పెట్టెనే చూస్తూ, మేము చెప్పిన అంకె దగ్గర ఆపేవాడు. గొణగడం కూడా ఆగిపోయింది. నేను రెండు మూడు జోకులు వేశాను. మర్యాదకి నవ్వాడు.

ట్రిప్పు అయిపోయింది. తర్వాతి ట్రిప్పుకి వేరే మనిషి వచ్చాడు. నేను ఎవర్నీ అడగలేదు. కాంట్రాక్టరు వ్యవహారం, నాకేం తెలుసు అనుకున్నాను. ఫ్యాక్టరీ పని ఉంది కదా, నష్టమేముంది అనుకున్నాను. ఇలాంటి వాదనలు నాకు బాగా వచ్చు. వినేవాడు నేనే కాబట్టి గెలుపు కూడా నాదే.

మా అమ్మ గోరిమేడు పెద్దాసుపత్రిలో వార్డు ఆయా. ఒక రోజు పని నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూ, మీ ఓడ మామ కనిపించినాడురా అంది. ఆ ట్రిప్పులో దిగిన ఫోటోలు అమ్మకి చూపించాను, అలా గుర్తు పట్టింది. ఓపీ లైన్‌లో నిలబడి ఉంటే పలకరించిందట, తెలుగులో మాట్లాడితే సంతోషపడ్డాడట.

ఏమైందంట అన్నాను.

"చేతులు పరీక్ష చేయించుకుంటా ఉండాడు. కండ్లు చూపించేసినాడంట, ఇప్పుడు నరాలు. చేతికి పట్టు తెలియడం లేదంట. ఓడలో ఏందో పొరపాటు చేసినాడంట కదా, అది తనకి తగిలినట్టే తెలియలేదంట. ఆడ ఫ్యాక్టరీలో కూడా క్రేను ఎక్కనని చెప్పేసి, కింద స్టోరులో కూర్చున్నాడంట. ఎవురి నెత్తిన ఏం పడేస్తానో అని భయం. మళ్లా ఓడకి రమ్మని కాంట్రాక్టరు పిలిచినా, ఈయనే వద్దన్నాడు." అమ్మ చెప్పులు పక్కన పెట్టి అంది, "నిన్ను మెచ్చుకున్నాడు. మంచి పిల్లోడు, నన్ను నవ్విస్తా ఉండినాడు అని."

నేను లేచి బాత్‌రూమ్‌లోకి వెళ్లి కుళాయి తిప్పాను. సినిమాల్లో ఇలాంటప్పుడు ఏడుస్తారు. నాకు ఏడుపు రాలేదు. బకెట్ నిండింది, కట్టేశాను. సిగ్గు అంటే మొహం ఎర్రబడటం అనుకునేవాణ్ణి. అది అన్నం సయించనివ్వదు. ఆ రాత్రి తినకపోతే అమ్మ ఏమైందని అడిగింది. చెప్పాను. బిరడా నుంచి సంతకం దాకా. అమ్మ విని, కంచం తీసేసి, ఇది నాకెందుకు చెప్తా ఉండావు, నేనేం చేస్తా అంది. అంతే.

మర్నాడు మేడమ్ దగ్గరికి వెళ్లాను. ఎనిమిదో స్టేషన్ గీత తెర మీద పెట్టి, బిరడా సంగతి చెప్పాను. ఆవిడ చాలాసేపు గీత చూసింది. మొదటి నుంచీ చెడి ఉంది, ఆ రోజే నాకు నచ్చలేదు, అందుకే బురద ఉందా అని అడిగాను అంది. "నువ్వు ఎప్పుడూ నవ్విస్తూ ఉంటావు కదా," అంది, "అబద్ధం కూడా చెప్తావని నాకు తోచలేదు." ఆఫీసులో ఇంతకన్నా పెద్ద తిట్లు తిన్నాను. ఇది మాత్రం ఇప్పటికీ మాటకి మాట గుర్తుంది.

జరిగింది జరిగినట్టు నా చేత్తో రాయించి, సంతకం చేయించి, ఒక నకలు కాంట్రాక్టరుకి పంపింది. ఇంకో నకలు నా చేతికిచ్చి, ఇది నువ్వే తీసుకెళ్లి ఇవ్వు అంది. నన్ను డెక్ పని నుంచి తీసేసి ఒడ్డున ల్యాబులో వేసింది.

ఆదివారం మధ్యాహ్నం గోరిమేడు దాటి వాళ్లింటికి వెళ్లాను. మామ ఆశ్చర్యపోయి, రా తంబి రా అని కుర్చీ వేశాడు. ఆయన భార్య వంటింటి గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. ఏం తంబి, సముద్రంలో ఉప్పు ఉండాదా, అమ్మేసినారా అంది. మామ నా గురించి ఇంట్లో అంత చెప్పి ఉన్నాడు. నేను దారంతా తయారు చేసుకున్న మాటలు పోయాయి. నోటికి అలవాటైన దారిలో మొదలుపెట్టాను, మామా, ఒక బిరడా కథ చెప్తా, వింటే నవ్వొస్తుంది అని. ఆ మాట పూర్తయ్యేసరికి నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది. అయినా ఆపలేక, తుమ్ము దాకా చెప్పాను. మామ నవ్వడానికి సిద్ధంగా మొహం పెట్టుకుని వింటున్నాడు. ఆవిడ చిక్కుడుకాయలు ఆపింది.

"నవ్వకుండా చెప్పు," అంది ఆవిడ. "మొదటి నుంచి చెప్పు."

మొదటి నుంచి చెప్పాను. బిరడా తీయలేదు. జేబులో వేసుకున్నాను. బురద లేదు, ఉందన్నాను. కాగితంలో ఏం రాశానో తెలుగులో చెప్పాను. మామూలే అన్నది అబద్ధం అన్నాను. ఇలా చెప్తే మొత్తం కలిపి రెండు నిమిషాలు పట్టలేదు.

మామ అడిగింది ఒకటే. "అయితే ఏడో స్టేషన్‌లో తగల్లేదా?"

"తగల్లేదు మామా."

"వైరు నాకు చెప్పింది, తగల్లేదని." ఆయన నా వైపు చూడటం లేదు, గోడ వైపు మాట్లాడుతున్నాడు. "చెప్పింది. నేను వైరుని నమ్మలా. నీ కాగితాన్ని నమ్మినా."

తర్వాత కాగితం చదవమన్నాడు. మేడమ్ ఇచ్చిన నకలు ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పాను. వేగం అనే చోట ఆపి, వేగంగా దించలేదని ఉందా అని అడిగాడు. ఉంది అన్నాను. ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. కాగితం తీసుకుని భార్యకి ఇచ్చాడు. ఆవిడ దాన్ని బీరువాలో ఆసుపత్రి చీటీల పక్కన పెట్టింది. ఆ చీటీల కట్ట నేననుకున్నదానికన్నా లావుగా ఉంది.

మామ ఫోను తీసి ఫ్యాక్టరీ ఫోర్‌మన్‌కి చేశాడు. రేపటి నుంచి క్రేను ఎక్కుతానని తమిళంలో చెప్పాడు. అవతల వాడు డాక్టరు ఏమన్నాడని అడిగినట్టున్నాడు. చేతులు బాగున్నాయి అన్నారు అని చెప్పి పెట్టేశాడు. నా సంగతి చెప్పలేదు.

ఆ ఇంట్లో నేను గంట సేపు ఉన్నాను. కాఫీ ఇవ్వలేదు. మా వైపు ఇళ్లలో గ్యాస్ మెకానిక్‌కి కూడా కాఫీ ఇస్తారు. క్షమించమని అడగడానికి నోరు తెరిస్తే మామ చెయ్యి ఎత్తి ఆపాడు.

"ఇంక పో తంబి. నాకు కోపంగా ఉండాది. అది పోయినాక నేనే పిలుస్తా."

ఐదు నెలలైంది. ఆయన పిలవలేదు.

ఓడ మాత్రం ఎక్కాడు. కాంట్రాక్టరు మళ్లీ అడిగితే ఈసారి ఒప్పుకున్నాడు, ఇప్పుడు రెండో ట్రిప్పులో ఉన్నాడు. నేను ల్యాబులో ఉన్నాను. సీటీడీ సీసాల నీళ్లని చిన్న గాజు బాటిళ్లలో పోసి మాకు పంపుతారు. ఓడ మీద పరికరం చెప్పిన ఉప్పూ, ఇక్కడ మేము కొలిచిన ఉప్పూ సరిపోవాలి. మూత తీసి, ఆ నీళ్లతోనే యంత్రం గొట్టాన్ని మూడుసార్లు కడిగి, నాలుగోసారి కొలుస్తాను. పక్క సీటు అమ్మాయి కొత్తగా చేరింది. నేను పుట్టుకతోనే నెమ్మదస్తుణ్ణని అనుకుంటోంది. ఆమె అభిప్రాయాన్ని నేను సరిచేయలేదు.

నిన్న వచ్చిన పెట్టెలో ఆయన కిందటి ట్రిప్పు ఏడో స్టేషన్ బాటిళ్లున్నాయి, అదే తక్కువ లోతు చోటు. కాగితంలో అడుగు నుంచి ఎంత దూరంలో ఆపారో ఉంది. మేము ఎప్పుడూ అడిగే దూరం కన్నా రెండు మీటర్లు పైనే ఆపాడు. పక్కన ఎవరో కారణం కూడా రాశారు: వించ్ ఆపరేటర్ ఆపమన్నారు. కొలిచాను. సరిపోయింది. అంకె వేసి, సంతకం పెట్టి, తర్వాతి బాటిల్ తీశాను.